తిరిగివచ్చు ఉత్తరములు

చిరునామా తప్పినచో తపాలావారు ఉత్తరమును పంపినవారికే తిరిగి చేర్చుదురు. ఈమెయిలుకును ఈ గతి కలదు. ఉత్తరములను వేలకొలదిగ పంపవలసిన సంస్థలకు ఆ పని చేసిపెట్టు క్లౌడ్ సేవలు కొన్ని కలవు. 2011లో అమెజాన్ సంస్థ ప్రారంభించిన సింపుల్ ఈమెయిల్ సర్వీస్ అట్టిది.

క్రొత్త ఖాతాదారుని ఈ సేవ వెంటనే నమ్మదు. మొదట అతడు దినమునకు 200 ఉత్తరములనే, అవియును ముందుగా ధ్రువపరచిన చిరునామాలకే పంపవలెను. నమ్మకము కుదిరిన పిదపను లెక్క తప్పదు. నూటికి 5 తిరిగివచ్చినచో ఖాతాపై విచారణ సాగును. 10 వచ్చినచో పంపుటయే నిలిచిపోవచ్చును. అప్పుడు పరీక్షాఫలితములను తెలుపు ఉత్తరమైనను కదలదు!

ఈ యాపదను తప్పించుటకై ఖాతాలో నిషేధపట్టిక యను ఏర్పాటు కలదు. చెడిన చిరునామాలును, తమకు వలదని ఫిర్యాదు చేసినవారి చిరునామాలును అందు చేరును. మరల పంపుమనినను సేవ వానికి పంపదు. ఈ అమరికను తెరపై మీట నొక్కియు చేయవచ్చును. కాని ఏమి మార్చిరో, ఏల మార్చిరో తరువాతివారికి సులభముగ తెలియదు. కావున నిపుణులు బౌన్స్, కంప్లయింట్ అను రెండు మాటలను కోడులో వ్రాసి భద్రపరచుదురు. ముంబయి కేంద్రమున చేసిన అమరిక సింగపూరు కేంద్రమునకు చెల్లదు. కోడున్నచో కేంద్రము పేరు మాత్రము మార్చి, దానినే మరల నడిపిన చాలును.