తేట నీళ్లన్నీ మంచినీళ్లు కావు

హైదరాబాద్ చంపాపేట్‌లో సాగర్ రోడ్డు ఎక్కితే కర్మన్‌ఘాట్, ఇబ్రహీంపట్నం, మాల్ దాటి నల్గొండ జిల్లాలో అడుగుపెడతాం. బతుకమ్మకు, దసరాకు ఈ కాలనీల నుంచి ఎందరో సొంతూళ్లకు పోయే దారి ఇదే. మన నల్లాల్లోకి కృష్ణా నీళ్లు వచ్చేదీ ఆ దిక్కు నుంచే. అక్కంపల్లి జలాశయం నీటిని కోదండాపూర్‌లో శుద్ధి చేసి, పెద్ద గొట్టాల్లో సాహెబ్‌నగర్‌కు తెస్తారు. 2004లో మొదలైన ఈ పథకం 2015 నాటికి మూడు దశలు పూర్తిచేసుకుని, రోజుకు 27 కోట్ల గ్యాలన్ల సామర్థ్యానికి చేరింది. ఆ దారికి దగ్గర్లోనే మర్రిగూడ ఉంది. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన మనుషుల వల్ల దేశానికి తెలిసిన మండలం అది.

ఆ ఊళ్లవాళ్లు తాగింది మురికి నీళ్లు కాదు. బావిలోంచి, బోరింగులోంచి వచ్చిన తేట నీళ్లే. నీళ్లకు పట్టే చెడు రెండు రకాలు. ఒకటి రాయి నుంచి వస్తుంది, రెండోది మనుషుల నుంచి. రెండూ కంటికి కనబడకపోవచ్చు. రెండింటికీ మందు మాత్రం ఒకటి కాదు.

ముందు రాయి సంగతి చూద్దాం. నల్గొండ నేల కింద ఎక్కువగా గ్రానైటు ఉంది. అందులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీరు రాతి పగుళ్లలో ఎంత కాలం నిలిస్తే అంత ఫ్లోరైడ్ అందులోకి కరుగుతుంది. బోర్లు లోతుకు పోయిన కొద్దీ అలా ఏళ్ల తరబడి నిలిచిన నీరే పైకి వస్తుంది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఫరవాలేదనీ మన దేశ ప్రమాణాలు చెబుతాయి. అంతకు బాగా మించిన నీళ్లు ఏళ్లపాటు తాగితే పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు పడతాయి. పోనుపోను కీళ్లు బిగుసుకుపోతాయి, వెన్ను వంగుతుంది. వంగిన వెన్నును మళ్లీ నిటారు చేసే మందు లేదు. ఈ జబ్బును మన దేశంలో తొలిసారి 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించారు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కాచి తాగితే చాలనుకుంటారు. మరగబెడితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలినదాంట్లో దాని పాలు ఇంకా పెరుగుతుంది. దాన్ని తీసేయడానికి నాగపూర్‌లోని నీరీ సంస్థ తయారుచేసిన పద్ధతి పేరే 'నల్గొండ టెక్నిక్'. నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడరు, పటిక వేసి బాగా తిప్పాలి. మడ్డి అడుగుకు దిగాక పైతేట వంచుకోవాలి. సరుకు చౌకే. కానీ నీటిని బట్టి పటిక మోతాదు మారుతుంది, దిగిన మడ్డిని ఎప్పటికప్పుడు తీసేయాలి. ప్రతి ఇంట్లో ఏళ్ల తరబడి సాగే పని కాదు. అందుకే ఊరి బోరు మాని నది నీళ్లు తెచ్చుకోవడమే గట్టి దారి అయింది. ఇంటింటికీ అలా నది నీళ్లు ఇచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015 జూన్‌లో, అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు.

రెండో చెడు మన నుంచి వచ్చేది. మలంలోని క్రిములు నీళ్లలో చేరితే విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు పట్టుకుంటాయి. దీన్ని ఆపేది మరుగుదొడ్డి, అదీ గుంత సరిగా ఉన్న మరుగుదొడ్డి. పల్లెకు తగినది రెండు గుంతల పద్ధతి. ఒక గుంత నిండగానే దాన్ని మూసి, దారిని రెండో గుంతకు మళ్లిస్తారు. మూసిన గుంతను ఏడాదికి పైగా కదపకుండా ఉంచితే క్రిములు నశించి, లోపలిదంతా ఎరువవుతుంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గరి గంగదేవిపల్లిలో, కేంద్ర తాగునీటి, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా అలాంటి గుంతలోకి దిగి ఎరువు ఎత్తారు. పొడిబారి, వాసన లేని మట్టిలాంటి పదార్థం అది. గుంత ఎత్తడమంటే ఉన్న ఏవగింపు పోవాలన్నదే అందులోని ఉద్దేశం. గుంతకూ తాగునీటి బోరుకూ మధ్య కనీసం 10 మీటర్ల దూరం మాత్రం ఉండి తీరాలి.

ఇది పల్లెల గొడవేనని పట్నంలో ఉన్నవాళ్లు అనుకోవడానికి లేదు. 2009 మేలో మన భోలక్‌పూర్‌లో మురుగు మంచినీళ్ల పైపులో కలిసి మనుషుల ప్రాణాలు పోయాయి. అలాంటి నీళ్లకు కాచడం, క్లోరిన్ కలపడం పనిచేస్తాయి. నల్లా చివర కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి.

కాబట్టి ముందు పరీక్ష, ఆ తర్వాతే మందు. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు, ఇంట్లోవాళ్లు ఇంకా బోరు నీళ్లే తాగుతుంటే, ఒక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో రెండుసార్లు కడిగి, నింపి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో ఇవ్వండి. క్రిముల పరీక్షకైతే సీసా కూడా వాళ్లనే అడగండి. మరుగుదొడ్డి గుంత నుంచి బోరు దాకా ఒకసారి అడుగులు వేసి దూరం కొలవండి. ఊరి పిల్లల పళ్లు, ఎముకలు ఈ చిన్న పనుల మీద ఆధారపడి ఉన్నాయి.