సంతకాలతో కదిలిన సంస్థ

జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2011లో రూపొందించిన ‘డార్క్ సోల్స్’ వీడియో గేమ్ మొదట కన్సోళ్లకే, అంటే టీవీకి తగిలించి ఆడుకునే ప్రత్యేక యంత్రాలకే పరిమితం కాగా, దాన్ని కంప్యూటర్‌కూ తేవాలని 2012 జనవరిలో అభిమానులు మొదలుపెట్టిన ఆన్‌లైన్ వినతిపత్రంపై 90 వేలకు పైగా సంతకాలు పడ్డాయి. ప్రచురణ సంస్థ నామ్కో బందాయ్ ఆ కోరికను మన్నించి, ఆగస్టులో దాన్ని కంప్యూటర్‌పై విడుదల చేసింది. అభిమానుల ఆరాటం కన్నా, ఆ సంతకాల వెనుక కనిపించిన కొనుగోలుదారుల సంఖ్యే సంస్థను ఎక్కువగా కదిలించిందని భావించడం సమంజసం. అయితే తెర ఎంత పెద్దదైనా బొమ్మ 1024×720 చుక్కల కొలతలోనే తయారై మసకగా కనిపించేది. అంత ప్రేమతో అడిగినవారికి అది తగిన ప్రతిఫలం కాదు. ఆ లోపాన్ని, ఆట విడుదలైన వెంటనే ఒక అభిమాని ఉచితంగా పంచిపెట్టిన చిన్న ప్రోగ్రాం సరిదిద్దింది.