తీర్పులు ఉచితం, సరిచూసుకునే పని మనది

సుప్రీంకోర్టు 1950 నుంచి అధికారికంగా ప్రచురిస్తున్న తీర్పుల సంపుటాలు 2024 జనవరి నాటికి 519. వాటిలోని కేసులు 36,308. రోజుకొకటి చొప్పున పండగలకూ ఆపకుండా చదివినా పూర్తవడానికి దాదాపు వందేళ్లు పడుతుంది. ఒక్కో సంపుటం అయిదు సెంటీమీటర్ల మందం అనుకుంటే అన్నిటికీ కలిపి 85 అడుగుల అర కావాలి. అంటే పది బై పన్నెండు గదిలో నాలుగు గోడల చుట్టూ రెండు వరసలు. చిన్న ఊరి కోర్టులో ఈమధ్యే ప్రాక్టీసు పెట్టిన జూనియర్‌కు అంత చోటూ ఉండదు, అంత డబ్బూ ఉండదు. ఆ సంపుటాలన్నీ ఇప్పుడు సుప్రీంకోర్టు నడిపే డిజిటల్ ఎస్‌సీఆర్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతున్నాయి. లాయరే కానక్కర్లేదు, కేసులో ఉన్న రైతయినా ఫోనులో చూసుకోవచ్చు.

మరి సీనియర్లు ఇంకా ఏటా చందా కట్టి ప్రైవేటు లా జర్నళ్లు ఎందుకు తెప్పిస్తున్నారు? వాళ్లు కొనేది తీర్పును కాదు, దాని చుట్టూ సంపాదకులు చేసిన పనిని. తీర్పు పాఠాన్ని తిరిగి ముద్రించడం కాపీరైట్ ఉల్లంఘన కిందికి రాదని 1957 నాటి చట్టంలోనే ఉంది. అయితే హెడ్‌నోట్, అంటే తీర్పుకు ముందు ఇచ్చే సారాంశం, ఎవరు రాస్తే వారిది. ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ గీత స్పష్టంగా గీసింది. కాబట్టి తీర్పును దించుకుని పదిమందికి పంపడానికి భయపడనక్కర్లేదు.

ఆ చందాలో దొరికే అసలు విలువ మరొకటి ఉంది. ఈ తీర్పు నేటికీ నిలిచి ఉందా, తర్వాత ఏ ధర్మాసనమైనా కొట్టేసిందా అన్న సమాచారం అది. ఎమర్జెన్సీ కాలంలో, నిర్బంధాన్ని ప్రశ్నించే హెబియస్ కార్పస్ పిటిషన్లు చెల్లవని 1976లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-1తో ఇచ్చిన ఏడీఎం జబల్‌పూర్ తీర్పునే తీసుకోండి. దాన్ని 41 ఏళ్ల తర్వాత, 2017లో, తొమ్మిదిమంది ధర్మాసనం గోప్యత హక్కుపై ఇచ్చిన పుట్టస్వామి తీర్పులో తోసిపుచ్చింది. పాత తీర్పు తెరిచి చదివితే ఆ సంగతి అందులో ఎక్కడా ఉండదు, ఎందుకంటే 1976లో రాసిన పాఠం అలాగే ఉంటుంది. అందుకే తీర్పు దొరకగానే ఆగిపోకుండా, దాని పేరుతో మళ్లీ వెతికి, తర్వాతి తీర్పులు దాని గురించి ఏమన్నాయో చూడాలి. 2008లో మొదలైన ఇండియన్ కానూన్‌లో ఒక తీర్పును ఏయే తీర్పులు ప్రస్తావించాయో జాబితా ఉచితంగానే కనిపిస్తుంది. ఆ జాబితా చదవడానికి ఓ సాయంత్రం పోయినా నష్టం లేదు.

కొత్తవారిని తికమక పెట్టేది సైటేషన్, అంటే తీర్పు ఏ ప్రచురణలో ఏ పేజీలో ఉందో చెప్పే గుర్తు. 1973 నాటి కేశవానంద భారతి తీర్పు ఒక జర్నల్‌లో ‘ఏఐఆర్ 1973 ఎస్‌సీ 1461’, మరోదాంట్లో ‘(1973) 4 ఎస్‌సీసీ 225’. రెండూ ఒకటే తీర్పు. ఈ గందరగోళం తగ్గించడానికి సుప్రీంకోర్టు 2023లో తటస్థ సైటేషన్ తెచ్చింది. ఏడాది, ‘ఐఎన్‌ఎస్‌సీ’ అన్న అక్షరాలు, వరస సంఖ్య, అంతే.

చట్టాల పాఠానికైతే ఇండియా కోడ్ అనే ప్రభుత్వ సైటు ఉంది. దాని అవసరం 2024 జులై 1 నుంచి మరీ పెరిగింది. 420 అంటే మోసమని ఊళ్లో పిల్లలకూ తెలుసు. కానీ 511 సెక్షన్ల ఇండియన్ పీనల్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఉన్నవే 358 సెక్షన్లు. మోసం ఇప్పుడు 318(4). హత్యకు శిక్ష 302 నుంచి 103కు మారింది. కొత్త 302 మతభావాలను గాయపరిచే మాటల గురించి. పాత పుస్తకం అటక ఎక్కించవచ్చా అంటే కుదరదు. 2024 జూన్ 30 వరకు జరిగిన నేరాలకు పాత కోడే వర్తిస్తుంది.

కృత్రిమ మేధను అడిగితే సరిపోదా? న్యూయార్క్‌లో ఒక విమానయాన సంస్థపై వేసిన కేసులో లాయర్లు అలాగే అడిగి, అసలు లేని ఆరు తీర్పులను కోర్టుకు చూపించారు. 2023 జూన్‌లో న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా వేశారు. కృత్రిమ మేధ చెప్పిన తీర్పు పేరూ సంఖ్యా అధికారిక సైటులో కనిపించేదాకా కాగితం మీద పెట్టొద్దు.

ఇక కక్షిదారుల సంగతి. దేశంలోని జిల్లా, కింది కోర్టుల్లో పెండింగ్ కేసులు నాలుగు కోట్లు దాటాయి. అంటే 35 మందికి కనీసం ఒక కేసు. ప్రతి కేసుకూ సీఎన్‌ఆర్ అనే 16 గుర్తుల నంబరు ఉంటుంది. మొదటి రెండు అక్షరాలు రాష్ట్రం, తర్వాతి రెండు జిల్లా, ఆపై రెండు అంకెలు కోర్టు, ఆరు అంకెలు కేసు వరస సంఖ్య, చివరి నాలుగు సంవత్సరం. మీ వకీలును అడిగి రాసిపెట్టుకోండి. ఈకోర్ట్స్ యాప్‌లో అది కొడితే వాయిదా ఎప్పుడో, కిందటిసారి ఏం జరిగిందో తెలుస్తుంది.

అక్కడ దించుకున్న తీర్పు ప్రతి చదువుకోవడానికే. అప్పీలుకు కోర్టు ముద్ర వేసి ఇచ్చే ధ్రువీకృత నకలు కావాలి. సివిల్ దావాలో జిల్లా కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు, హైకోర్టుకు 90. నకలు తయారవడానికి పట్టే రోజులను గడువులోంచి మినహాయిస్తారు. అయితే ఆ మినహాయింపు దరఖాస్తు పెట్టిన రోజు నుంచే లెక్క. అందుకే తీర్పు వచ్చిన మర్నాడే నకలు దరఖాస్తు పెట్టించండి.