మీకు తెలుసా? ఓఎన్‌జీసీ పటాల్లో నూజివీడు ఊరు
నూజివీడు అనగానే చిన్న రసాలే గుర్తొస్తాయి. ఆ మండలంలోని గొల్లపల్లికి మరో గుర్తింపు ఉంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఈ ప్రాంతపు రాళ్ల పొరలను వర్ణిస్తూ 1880లో నివేదిక వెలువరించారు. డైనోసార్ల కాలం నాటి ఇక్కడి ఇసుకరాయికి ‘గొల్లపల్లి’ అనే పేరే స్థిరపడింది. అందులో మొక్కల శిలాజాలు కూడా దొరికాయి. కృష్ణా-గోదావరి బేసిన్‌లో వేల అడుగుల లోతున అదే పొర తగిలితే ఓఎన్‌జీసీ వాళ్లు ఇప్పటికీ ఆ పేరే రాసుకుంటారు. దాని పైపొరల్లో ఒకటైన తిరుపతి ఇసుకరాయి పేరు మన చిన్న తిరుపతిది, ఏడుకొండలది కాదు!

రాళ్ల పటం భూకంపాల లెక్కకూ పనికొస్తుంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూమి కంపించింది. 2024 డిసెంబరు 4న ములుగులో వచ్చిన 5.3 ప్రకంపన విజయవాడ దాకా తెలిసింది. 2002 నాటి భూకంప జోన్ల పటంలో విజయవాడది మూడో జోన్. అయితే ఒకే జోన్‌లో ఉన్నంత మాత్రాన అన్నిచోట్లా ఊపు ఒకేలా ఉండదు. గట్టి రాతినేల మీద తక్కువ, డెల్టా ఒండ్రు మీద ఎక్కువ. నీటితో నిండిన వదులు ఇసుకైతే కుదుపులకు జావలా మారి, పైనున్న భవనం ఒరిగిపోవచ్చు.

నేల గట్టిదనం తేల్చే పద్ధతుల్లో ఒకటి భలే సాదాసీదాది. నేల మీద ఇనుప పలక పెట్టి సుత్తితో బాదుతారు. వరసగా గుచ్చిన జియోఫోన్లకు ఆ అదురు ఎంతసేపట్లో చేరిందో చూసి, పై 30 మీటర్ల నేలలో తరంగ వేగం లెక్కగడతారు.