చిన్న కంప్యూటర్‌కి నాడి చూద్దాం

బీదర్ గాంధీ గంజ్‌లో మాకొక చిన్న దుకాణం ఉంది. కందులు, శనగలు కొంటాం. తూకం లెక్కలన్నీ అరచేతిలో పట్టే రాస్‌బెరీ పై 4 కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాం. దాన్ని బిగించింది మా తమ్ముడే. పోయిన ఎండాకాలం అది నత్తనడక నడిచి, ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలుపెట్టింది. ఒకరోజు ఒక రైతు ఐదు బస్తాల తూకం అలాగే పోయింది. అప్పటికే బస్తాలు కుప్పలో కలిసిపోయాయి. బాపు రైతు చెప్పిన లెక్కకే డబ్బులిచ్చి, "ఈ డబ్బా వద్దురా, చిట్టా పుస్తకమే నయం" అన్నాడు. తమ్ముడి మొహం చిన్నబోయింది.

ఎండకు వేడెక్కిందనుకుని ఫ్యాన్ పెట్టాం. ఏం తేడా లేదు. రోగం ఏమిటో ఆ కంప్యూటర్‌నే అడగొచ్చని తర్వాత తెలిసింది. ఈ ఆజ్ఞలు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి.

మొదట జ్వరం. 'వీసీజెన్‌సీఎండీ మెజర్_టెంప్' అని కొడితే వేడి ఎంతో చెప్తుంది. 80 డిగ్రీలకు చేరితే అదే వేగం తగ్గించుకుంటుంది. మాది 62 చూపించింది. అంటే ఎండ తప్పు కాదు.

తర్వాత తిండి, అంటే కరెంటు. 'వీసీజెన్‌సీఎండీ గెట్_థ్రాటిల్డ్' అని అడగాలి. 0ఎక్స్0 వస్తే ఏ ఇబ్బందీ లేదు. మాకు 0ఎక్స్50000 వచ్చింది. ఎక్స్ తర్వాత ఐదంకెల్లో చివరిది వర్తమానం, మొదటిది భూతకాలం. 5 అంటే 1, 4 కలిసినవి. 1 అంటే వోల్టేజి చాలలేదు, 4 అంటే వేగం తగ్గించాల్సి వచ్చింది. ఇప్పుడు బాగానే ఉన్నా, ఆన్ చేశాక ఎప్పుడో రెండూ జరిగాయన్నమాట. కాలాల గురించి మన వ్యాకరణం క్లాసులో విన్నది ఇక్కడ పనికొస్తుందని నేననుకోలేదు!

ఇందులో ఒక చిక్కుంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఆ భూతకాలం చెరిగిపోతుంది. ఆగినప్పుడల్లా మేం చేసింది అదే. సాక్ష్యాన్ని మేమే తుడిచేశాం.

దీనికి 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ కావాలి. వోల్టేజి 4.63 కంటే పడితే హెచ్చరిక గుర్తు నమోదవుతుంది. మేం పెట్టింది పాత ఫోన్ ఛార్జర్, పైగా పొడుగాటి సన్న వైరు.

చివరిది మెమరీ కార్డు. 'డీఎఫ్ -హెచ్' చోటెంత మిగిలిందో చెప్తుంది. 'డీమెసెజ్' అంటే కంప్యూటర్ తనకు తాను రాసుకునే చిట్టా. కార్డు చదవడంలో తప్పులొస్తే అందులో కనిపిస్తాయి. రాస్తుండగా కరెంటు పోతే కార్డు చెడే ప్రమాదం ఉంది. మాది బతికిపోయింది.

సరైన అడాప్టర్ పెట్టాక మళ్లీ ఆగలేదు. బాపు మాత్రం చిట్టా పుస్తకం మానలేదు. ఆ రైతు వస్తే రెండూ చూపిస్తాడు. తమ్ముడు రోజూ సాయంత్రం ఆపేముందు నాడి చూస్తాడు. మీ ఇంట్లోనూ ఇలాంటిది ఉంటే, అది మొరాయించగానే ఆఫ్ చేయకండి. ముందు దాన్ని అడగండి.