నెలలు నిండిన వేళ దేహసన్నద్ధత: అలిపిరి మెట్లు – ఒక పరిశీలన

అలిపిరి నుండి తిరుమలకు సుమారు 3,550 మెట్లున్నాయి. మెట్లెక్కితే కాన్పు సులభమవుతుందన్న నమ్మకంతో నిండు గర్భిణి ఆ దారి పట్టరాదు. కాలుజారే ప్రమాదం అటుంచి, నడిదారిలో నొప్పులు మొదలైతే వైద్యసహాయం ఆలస్యమవుతుంది. వైద్యులు వారించని పక్షంలో సమతలంపై ఆయాసం కలిగించని నడక చాలును.

ప్రసవ సన్నద్ధతలో ప్రధానమైనది రక్తపుష్టి. చివరి మాసాలలో హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాములకన్న తగ్గితే దానిని రక్తహీనతగా పరిగణిస్తారు. అటువంటి తల్లికి కాన్పునాటి రక్తస్రావాన్ని తట్టుకొనే శక్తి తగ్గుతుంది. సీమవాసుల నిత్యాహారమైన రాగిసంగటి కాల్షియాన్ని సమృద్ధిగా ఇస్తుంది. అయినను అది ఐరన్ మాత్రలకు ప్రత్యామ్నాయం కాదు. ఆ మాత్రను కాఫీ, టీలతోగాని, కాల్షియం మాత్రతోగాని కలిపి తీసుకొనరాదు.

37 వారాలకు ముందే నొప్పులు రావడం, ఉమ్మనీరు పోవడం, రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పి, శిశువు కదలికలు తగ్గడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినను తెల్లవారేవరకు ఆగక 108 వాహనాన్ని పిలిచి ప్రసూతి వైద్యశాలకు చేరాలి.