రాబోవు ఫోను: వదంతి, వాస్తవము

నాంపల్లి స్టేషనులో దిగి ఆబిడ్సులోని జగదీశ్ మార్కెట్టుకు పోయినచో, ఇంకను వెలువడని సెల్‌ఫోనుల కెమెరాలను గూర్చిన వదంతులు చెవిని పడుచుండును. మెగాపిక్సెళ్లు పెరిగినకొలది చిత్రము మేలగునని పలువురి నమ్మకము. ఇది పూర్తిగా నిజము కాదు.

మెగాపిక్సెలనగా పది లక్షల చుక్కలు. 2023లో వచ్చిన సాంసంగ్ గెలాక్సీ ఎస్23 అల్ట్రా కెమెరాలో 200 మెగాపిక్సెళ్లు గలవు. అయినను అది సాధారణముగా 16 చుక్కలను ఒకటిగా కలిపి, సుమారు 12 మెగాపిక్సెళ్ల చిత్రమునే ఇచ్చును. వానలో నుంచిన చిన్న గిన్నెలో నీరు తక్కువ పడినట్లే, చిన్న చుక్క తక్కువ వెలుతురును గ్రహించును. అందులకే ఈ కలయిక.

ఉపాధి హామీ సామూహిక పనులందు కూలీల హాజరును ఫోనుతో తీసిన ఛాయాచిత్రముల ద్వారా నమోదు చేయుట 2023 జనవరి 1 నుండి నిర్బంధమైనది. ముఖము మసకబారినను, స్థలము తప్పుగా నమోదైనను కూలికే చిక్కు.

కావున సభ్యులారా! రాబోవు ఫోనుకై పని నాపకుడు. ఉన్నదానితో దుకాణమునందే నీడలో చిత్రము తీసి చూడుడు. వాడిన ఫోనైనచో *#06# నొక్కి, కనబడిన 15 అంకెల సంఖ్యను సంచార్ సాథీ పోర్టలులో సరిచూచుకొనుడు. పంచాయతీ ధనము ప్రజల సొత్తు గదా!